ముక్కుసూటి నేత పోయినప్పుడు జనం మాటల్ని ఎలా ఏరాలి? సమక్ సుందరవేజ్ ఉదాహరణతో

పరాయి దేశపు నాయకుడు చనిపోయిన కబురు చెన్నైలోని తెలుగు డెస్క్‌కి చేరేసరికి రెండు రకాల మాటలు వెంటబడి వస్తాయి. ఆకాశానికెత్తేవి కొన్ని, నేలకేసి కొట్టేవి కొన్ని. చెరో నాలుగు తీసుకుని పైన ‘మిశ్రమ స్పందన’ అని శీర్షిక పెడితే అరగంటలో పని అయిపోతుంది. కానీ అది చదివిన మనిషికి పోయినాయన సంగతీ తెలియదు, మాట్లాడిన జనం సంగతీ తెలియదు. ఏ మాట ఎవరి నోట వచ్చింది, పోయినాయన వాళ్ళ బతుకులో ఎక్కడ తగిలారు అన్నది తేలినప్పుడే స్పందన వార్త అవుతుంది. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వరసగా చెబుతాం.

ఉదాహరణకు థాయ్‌లాండ్ మాజీ ప్రధాని సమక్ సుందరవేజ్‌ను తీసుకుందాం. 2009 నవంబర్ 24న బ్యాంకాక్‌లో కాలేయ క్యాన్సర్‌తో కన్నుమూశారు. వయసు 74. నోటికి అడ్డూ ఆపూ లేని మనిషిగా ఆయనకు పేరు. టీవీలో వంట చేశారు, బ్యాంకాక్ గవర్నర్‌గా పనిచేశారు, ఆ వంట కార్యక్రమం కారణంగానే ప్రధాని పదవి పోగొట్టుకున్నారు. 1976 నాటి విద్యార్థుల ఊచకోత ప్రస్తావన వచ్చిన ప్రతిసారీ ఆయన పేరూ వస్తుంది. ఇన్ని ముఖాలున్న మనిషి గురించి రాయడం వస్తే మిగతావాళ్ళ గురించి రాయడం తేలికే.

ముందు కబురు ఖాయం చేసుకోండి

చెన్నైలో పనిచేసేవాళ్ళకు ఈ మాట విడిగా చెప్పక్కర్లేదు. 2016 డిసెంబర్ 5 సాయంత్రం జయలలిత చనిపోయారని కొన్ని చానళ్ళు చెప్పేశాయి. రాయపేటలోని పార్టీ కార్యాలయంపై జెండాను సగానికి దించి, మళ్ళీ పైకెత్తారు. ఆ వార్త నిజం కాదని ఆసుపత్రి ప్రకటన ఇచ్చింది. అధికారికంగా చెప్పిన మరణ సమయం ఆ రాత్రి 11.30. 

అందుకని రెండు వేర్వేరు మూలాలు దొరికేదాకా ఆగండి. కుటుంబం, చికిత్స చేసిన ఆసుపత్రి, ప్రభుత్వం లేదా పార్టీ ప్రతినిధి, వీళ్ళలో ఏ ఇద్దరు చెప్పినా సరిపోతుంది. ఒకే వార్తాసంస్థ కాపీని పది సైట్లు వేసుకుంటే అవి పది మూలాలు కావు, ఒక్కటే. మొదటి రెండు పేరాల వాక్యాలు అక్షరం పొల్లుపోకుండా కలిస్తే అది ఏజెన్సీ కాపీ అని గుర్తుపట్టండి.

బ్యాంకాక్ గడియారం మనకంటే గంటన్నర ముందుంటుంది. అక్కడ రాత్రి 12.30 అయితే చెన్నైలో ఇంకా 11 గంటలే, అంటే తేదీ మారలేదు. అర్ధరాత్రి అటూ ఇటూ వచ్చిన కబురుకి తేదీ తప్పడం చాలా మామూలు. సమయం రాసిన ప్రతిచోటా ‘బ్యాంకాక్ కాలమానం’ అని పక్కనే రాసుకోండి.

బతుకును మలుపులుగా విడగొట్టండి

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. స్పందనలు ఏరడానికి కూర్చునే ముందే ఒక కాగితం తీసుకుని, ఆ మనిషి జీవితంలోని పెద్ద మలుపులను ఎడమపక్క రాయండి. ఆ మలుపు వల్ల బాగుపడ్డవాళ్ళను, దెబ్బతిన్నవాళ్ళను కుడిపక్క రాయండి. సమక్ విషయంలో ఆ కాగితం ఇలా ఉంటుంది.

1976 అక్టోబర్ 6. మాజీ సైనిక పాలకుడు థనోమ్ కిట్టికచోర్న్ తిరిగి దేశానికి రావడాన్ని నిరసిస్తున్న విద్యార్థులపై బ్యాంకాక్‌లోని థమ్మసాత్ విశ్వవిద్యాలయంలో పోలీసులు, మితవాద (రైటిస్టు) మూకలు విరుచుకుపడ్డాయి. అధికారిక లెక్క ప్రకారం 46 మంది చనిపోయారు. వేలమందిని అరెస్టు చేశారు. ఆ రోజు సాయంత్రమే సైన్యం అధికారం చేజిక్కించుకుంది. విద్యార్థుల మీద జనాన్ని రెచ్చగొట్టిన మితవాద రేడియో గొంతుల్లో సమక్‌దీ ఒకటని అప్పటి విద్యార్థులు చెబుతారు. తర్వాత ఏర్పడ్డ థానిన్ ప్రభుత్వంలో ఆయనే అంతర్గత వ్యవహారాల మంత్రి. 2008 ఫిబ్రవరిలో, ప్రధానిగా ఉండి, సీఎన్‌ఎన్ ఇంటర్వ్యూలో ఆ రోజు చనిపోయింది ఒక్కరేనని అన్నారు. కుడిపక్క రాయాల్సిన పేర్లు: బతికి బయటపడ్డవాళ్ళు, చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు, తోబుట్టువులు.

1979. ప్రచాకోర్న్ థాయ్ పార్టీ స్థాపన. బ్యాంకాక్ ఓటర్లలో ఆయనకంటూ ఒక వర్గం తయారైంది. 2000లో పది లక్షలకు పైగా ఓట్లతో నగర గవర్నర్‌గా గెలిచి 2004 దాకా ఉన్నారు. కుడిపక్క: నగరంలోని పాతతరం ఓటర్లు.

‘చిమ్ పై బొన్ పై’. రుచి చూస్తూ సణుగుతూ సాగే వంట కార్యక్రమం. రాజకీయాలతో సంబంధం లేని ఇళ్ళలోకి కూడా ఆయన వెళ్ళింది దీంతోనే. కుడిపక్క: వంటింటి ప్రేక్షకులు. వీళ్ళ దుఃఖం నిజమైనదే. దాన్ని రాజకీయ మద్దతుగా లెక్కేయడం మాత్రం తప్పు.

2008. 2007 డిసెంబర్ 23 ఎన్నికల్లో మాజీ ప్రధాని థాక్సిన్ వర్గీయుల పీపుల్స్ పవర్ పార్టీకి నాయకత్వం వహించారు. 480 స్థానాల్లో 233 వచ్చాయి. జనవరి చివర్లో ప్రధాని అయ్యారు. ఆగస్టు 26న థాక్సిన్‌ను వ్యతిరేకించే పసుపు చొక్కాల నిరసనకారులు ప్రభుత్వ భవనంలోకి చొరబడి తిష్ఠ వేశారు. సెప్టెంబర్ 9న రాజ్యాంగ న్యాయస్థానంలోని తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, వంట కార్యక్రమానికి డబ్బు తీసుకోవడం మంత్రి పదవికి ఉన్న నిబంధనకు విరుద్ధమని తేల్చి ఆయన్ని దించేశారు. కుడిపక్క: థాక్సిన్‌ను సమర్థించే ఎర్రచొక్కాలు ఒకవైపు, పసుపు చొక్కాలు మరోవైపు.

ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. ‘వామపక్షం వాళ్ళు తిట్టారు, మితవాదులు మెచ్చుకున్నారు’ అని రాసేస్తారు. 2009 నాటికి పరిస్థితి అలా లేదు. 1970ల విద్యార్థి ఉద్యమంలో ఉన్నవాళ్ళు కొందరు థాక్సిన్ శిబిరంలోకి వెళ్ళారు, మరికొందరు పసుపు చొక్కాల్లో చేరారు. ఒకప్పుడు సమక్‌ను శత్రువుగా చూసినవాళ్ళే, ఎన్నికైన ప్రధానిని కోర్టు దించేసిందన్న కోపంతో 2008లో ఆయన పక్కన నిలబడ్డ సందర్భాలున్నాయి. ఒకే మనిషిలో 1976 మీద కోపం, 2008 మీద సానుభూతి రెండూ ఉండొచ్చు. అలాంటి మాట దొరికితే వదలకండి, కథనంలో అన్నిటికన్నా విలువైన మాట అదే.

ఇంకొక పొరపాటు. సువర్ణభూమి విమానాశ్రయాన్ని ఆక్రమించడం వల్ల మనవాళ్ళు కూడా బ్యాంకాక్‌లో చిక్కుకుపోయారు కాబట్టి చెన్నైలో చాలామందికి అది గుర్తు. అది 2008 నవంబర్ చివర్లో మొదలైంది. అప్పటి ప్రధాని సొమ్‌చాయ్ వొంగ్సవాట్. దాన్ని సమక్ ఖాతాలో వేయకూడదు.

థాయ్ భాషలోని మాటల్ని చదవడం

యంత్రానువాదంతో పని నడుస్తుంది కానీ కొన్నిచోట్ల అది నిండా ముంచుతుంది. మొదటిది సంవత్సరం. థాయ్‌లాండ్‌లో వాడేది బౌద్ధశకం. అందులోంచి 543 తీసేస్తే మన లెక్క వస్తుంది. 2552 అంటే 2009. తేదీ చివర రెండంకెలే రాసినప్పుడు ప్రమాదం ఎక్కువ. ‘24 నవంబర్ 52’ అని కనిపిస్తే అది 1952 కాదు. ‘6 అక్టోబర్ 19’ అంటే 2019 కాదు, 2519, అంటే మన 1976. ఊచకోతను తలచుకునే వ్యాఖ్యల్లో ఈ ‘19’ పదేపదే వస్తుంది. అనువాదయంత్రం దాన్ని 2019 చేస్తే మొత్తం వ్యాఖ్య అర్థం లేకుండా పోతుంది.

రెండోది పేరు. థాయ్‌వాళ్ళను మొదటి పేరుతోనే పిలుస్తారు, ప్రధాని అయినా అంతే. కాబట్టి రెండోసారి నుంచి ‘సమక్’ అని రాయండి, ‘సుందరవేజ్’ అని కాదు. అభిమానులు ముద్దుగా ‘లుంగ్ మక్’ అనేవారు, అంటే మక్ పెదనాన్న అనుకోవచ్చు. ఆ ‘మక్’ అన్న మాటకే ఊరబెట్టడం అన్న అర్థం కూడా ఉండటంతో అనువాదంలో ఊరగాయ కబుర్లు వస్తాయి. వింత వాక్యం కనబడగానే పనికిరాదని పారేయకండి, అది అభిమాని రాసింది కావచ్చు. ఆయన ముక్కు ఆకారాన్ని ఒక పండుతో పోల్చి వెక్కిరించే పేరూ ఉంది. పండు పేరు కనిపిస్తే అది వ్యతిరేకి మాట కావచ్చు.

మూడోది గౌరవం. మనిషిని ‘అది’ అన్నట్టు అనువాదం వస్తే మూలంలో తిట్టు ఉందని అర్థం. మన ‘వాడు’తో సమానమైన మాట అక్కడ వాడారన్నమాట. వరసగా 555 అని ఉంటే అది నవ్వు, ఎందుకంటే థాయ్‌లో అయిదును ‘హా’ అంటారు. చావు కబురు కింద 555 ఉందంటే ఆ మాట ఏ గడిలో పడాలో తెలిసిపోతుంది.

నాలుగోది బౌద్ధ సంప్రదాయపు మాటలు. సుగతి కలగాలి అని కోరడం సంతాపానికి మామూలు పద్ధతి. ‘అహోసి కర్మ’ అనేది వేరు. నా మీద నువ్వు చేసినదాన్ని ఇంతటితో వదిలేస్తున్నాను అని చెప్పడం అది. దీన్ని చాలామంది ప్రత్యర్థులే రాస్తారు. మెచ్చుకోలు గడిలోనూ వేయకూడదు, తిట్ల గడిలోనూ వేయకూడదు, దానికి వేరే గడి కావాలి. ఈ ఒక్క తేడా పట్టుకుంటే ‘ప్రత్యర్థులు సైతం కొనియాడారు’ అనే అబద్ధపు వాక్యం మీ కథనంలోకి రాదు.

ఏరడం, విడగొట్టడం

ఒక షీట్ తెరిచి ఏడు గళ్ళు పెట్టండి: బ్యాంకాక్ సమయం, ఎక్కడ దొరికింది, మాట్లాడిందెవరు, పోయినాయనతో సంబంధం, మూలంలోని మాట, తెలుగులో సారాంశం, ఏ మలుపు గురించి. నాలుగో గడి ఖాళీగా ఉన్న వ్యాఖ్యను ప్రచురణకు తీసుకోకండి. సంబంధం తెలియని మాట ఎంత పదునుగా ఉన్నా అది గాలి మాటే.

ఒకే గంటలో దొరికినవన్నీ ఊడ్చుకురాకండి. మొదటి రెండు గంటల్లో వచ్చేవి ఎక్కువగా అలవాటు సంతాపాలు, పార్టీ కార్యకర్తల నినాదాలు. ఆ రాత్రికి పాత వీడియోలు బయటికొస్తాయి, కోపం అప్పుడు మొదలవుతుంది. మర్నాడు సాయంత్రానికి ఆలోచించి రాసిన పొడవైన మాటలు వస్తాయి. మూడు విడతల్లో పదిహేనేసి చొప్పున తీసుకుంటే 45 అవుతాయి. ఒక కథనానికి అది చాలు. వాటి నుంచి శాతాలు మాత్రం కట్టకండి. వ్యాఖ్యల పెట్టెలోకి వచ్చినవాళ్ళు దేశం కాదు. ‘60 శాతం మంది వ్యతిరేకించారు’ అని రాస్తే అది లెక్క అనిపిస్తుంది కానీ ఎవరి లెక్కా కాదు. ‘మేం చూసినవాటిలో కోపంగా ఉన్నవి దాదాపు అన్నీ 1976 గురించే’ అని రాయండి. అది నిజమూ అవుతుంది, పనికొచ్చేదీ అవుతుంది.

పాత వీడియోల దగ్గర జాగ్రత్త. ఇంటర్వ్యూ ముక్క దొరికితే ముందూ వెనకా కనీసం రెండు నిమిషాలు చూడండి. ప్రశ్న ఏమిటో తెలియకుండా జవాబు వాడకూడదు. ‘చివరి మాటలు’ అంటూ తిరిగేవాటిని కుటుంబం చెప్పకపోతే పక్కన పెట్టేయండి. ఫొటోలను రివర్స్ ఇమేజ్ సెర్చ్‌లో వేసి చూడండి. ఊచకోత ఫొటోలని 1973, 1992 నిరసనల ఫొటోలు తిరగడం కద్దు.

చెన్నైలో ఎవరిని అడగాలి

ఇక్కడి తెలుగువాళ్ళలో థాయ్‌లాండ్‌తో పని ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. బ్యాంకాక్‌లో ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు, పర్యాటక ఏజెంట్లు, రాళ్ళూ ఆభరణాల వ్యాపారులు ఉన్నారు. వాళ్ళను ‘ఆయన మంచివాడా చెడ్డవాడా’ అని అడిగితే పనికొచ్చే జవాబు రాదు. ‘ఏ సంవత్సరాల్లో అక్కడున్నారండీ? ఆ రోజుల్లో ఆయన గురించి మీ ఆఫీసులో, వీధిలో ఏమనుకునేవాళ్ళు?’ అని అడగండి. 2008లో ఉన్న మనిషికి 1976 గురించి సొంత అనుభవం ఉండదు. ఆయన చెప్పేది విన్నమాటే, దాన్ని విన్నమాటగానే రాయండి. పెద్దవాళ్ళయితే వెంటనే రికార్డర్ పెట్టకుండా, ‘మీ మాట రాసుకోవచ్చా అండీ’ అని అడిగి, చివర్లో చదివి వినిపించి సరేననిపించుకోండి.

చెన్నైలో థాయ్‌లాండ్ కాన్సులేట్ జనరల్ కార్యాలయం ఉంది. సంతాప పుస్తకం పెట్టారా, జెండా దించారా లాంటి అధికారిక విషయాలకు అక్కడ అడగండి. రాజకీయ అభిప్రాయం అడగకండి, వాళ్ళు చెప్పరు, చెప్పాలని ఒత్తిడి చేయడం మర్యాదా కాదు. పాత భారతీయ పత్రికల్లో ఆ రోజు ఏం వచ్చిందో చూడాలంటే ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయానికి వెళ్ళండి. మరణించిన తేదీ ఒక్కటే అడిగితే పని జరగదు, మర్నాటి సంచిక కూడా అడగండి. ఉదయం వచ్చిన కబురు అచ్చయ్యేది మర్నాడే.

రాయడం

ఆరువందల పదాల కథనమైతే కొలత ఇలా పెట్టుకోండి: మరణవార్తకు 80, జీవితానికి 150, జనం మాటలకు 300, అంత్యక్రియలూ తర్వాతి సంగతులకూ 70. జనం మాటలు ఏడుకు మించకూడదు. ఒక్కోటి పాతిక పదాల లోపు ఉండాలి, మిగిలిన చోటు మాట్లాడినవాళ్ళు ఎవరో చెప్పడానికి. ప్రధానులు, మంత్రుల సంతాపాలన్నిటికీ కలిపి ఒక్క వాక్యం చాలు.

వరస విషయంలో మా అభిప్రాయం గట్టిది. మెచ్చుకున్నది ఒకటి, తిట్టింది ఒకటి అని జడ అల్లినట్టు అల్లకండి. మలుపుల వారీగా పెట్టండి: వంట గురించి మాట్లాడినవాళ్ళు, నగరం గురించి మాట్లాడినవాళ్ళు, 2008 గురించి, 1976 గురించి. అప్పుడు పాఠకుడికి ఎవరి కోపం ఎక్కడిదో తెలుస్తుంది. ‘సమక్ మృతిపై భిన్నాభిప్రాయాలు వ్యక్తమయ్యాయి’ అనే వాక్యం బదులు ఇలా రాసి చూడండి: ‘టీవీ వంటల ద్వారా ఆయన్ని ఎరిగినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు. థమ్మసాత్‌లో 46 మంది చనిపోయారని అధికారిక లెక్క ఉండగా ఒక్కరేనన్న ఆయన మాటను అక్టోబర్ 6 బాధితులు మరిచిపోలేదు.’ రెండు వాక్యాల్లో నాలుగు నిజాలు వచ్చాయి, ఎవర్నీ కించపరచలేదు.

చచ్చినవాళ్ళ కళ్ళు చారెడు అంటారు మనవాళ్ళు. పోయినవాళ్ళను పొగడటం మన దగ్గర మర్యాద. కానీ ఈ కథనంలో పోయినవాళ్ళు ఒక్కరే లేరు. 1976లో పోయిన విద్యార్థులు కూడా ఉన్నారు. సంతాపదినం కదా అని వాళ్ళను పేరా చివర ‘కొన్ని వివాదాలు కూడా ఉన్నాయి’లోకి నెట్టేయడం వాళ్ళ తల్లిదండ్రులకు చేసే అన్యాయం. సంఖ్య, తేదీ, చోటు పేరుతో సహా రాయాలి. అదే సమయంలో ఆయన జబ్బును, శరీరాన్ని ఎగతాళి చేసే మాటలు ఎంత నవ్వు తెప్పించినా తీసేయండి. చేసినపని మీద కోపం వార్త. క్యాన్సర్ మీద జోకు వార్త కాదు.

భాషలో ‘కన్నుమూశారు’, ‘చనిపోయారు’ సరిపోతాయి. పరమపదించారు, స్వర్గస్థులయ్యారు బౌద్ధుడికి నప్పవు. వ్యతిరేకుల మాటలు అనువదించేటప్పుడు మూలంలో ‘వాడు’ ఉంటే ‘వాడు’ అనే ఉంచండి. మీ సొంత వాక్యాల్లో మాత్రం మొదటి నుంచి చివరిదాకా ‘ఆయన’ అనే.

చట్టం దగ్గర ఆగి చూసుకోవాల్సినవి

థాయ్ శిక్షాస్మృతి 112వ సెక్షన్ ప్రకారం రాజు, రాణి, యువరాజు, రాజప్రతినిధులను అవమానిస్తే ఒక్కో నేరానికి 3 నుంచి 15 ఏళ్ళ జైలు. రాజకీయ నాయకుడి మరణం కింది వ్యాఖ్యల్లో రాచకుటుంబం ప్రస్తావన దొర్లడం మామూలే. అలాంటి వ్యాఖ్యను రాసినవాళ్ళ పేరుతోగానీ స్క్రీన్‌షాట్‌తోగానీ వేయకండి. మీరు చెన్నైలో క్షేమంగానే ఉంటారు, రాసిన మనిషి బ్యాంకాక్‌లో ఉంటారు. చెన్నైలో ఉంటున్న థాయ్‌వాళ్ళు మాట్లాడితే వాళ్ళూ రేపు ఇంటికెళ్ళాల్సినవాళ్ళే. పేరు, చదివే కాలేజీ, ఉండే పేట మూడూ తీసేయండి. వయసు, వృత్తి చాలు.

మన దగ్గర కూడా చనిపోయినవాళ్ళ గురించి ఏదైనా రాయొచ్చనుకోవడం పొరపాటు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ వివరణ ప్రకారం, బతికుంటే పరువు పోయేటంతటి ఆరోపణను మృతుడిపై, కుటుంబాన్ని నొప్పించే ఉద్దేశంతో చేస్తే అది పరువునష్టం కావొచ్చు. రికార్డులో ఉన్న పదవులు, తీర్పులు, ఇంటర్వ్యూలు రాయండి. ‘హంతకుడు’ లాంటి మాట ఎవరైనా అంటే ఆ పదం కాకుండా, వాళ్ళు దేన్ని చూపించి అన్నారో అది రాయండి.

మొదటిరోజుతో అయిపోదు

థాయ్ బౌద్ధ అంత్యక్రియలు ఒక్కరోజులో ముగియవు. మొదట చేతిమీద నీళ్ళు పోసే క్రతువు, తర్వాత మూడు, అయిదు లేదా ఏడు రాత్రులు అభిధమ్మ (బౌద్ధ గ్రంథం) పఠనం, ఆపైన దహనం. పెద్దవాళ్ళకైతే వంద రోజులు ఆగి దహనం చేసే ఆచారమూ ఉంది. కాబట్టి చనిపోయిన రెండోరోజే ‘అంత్యక్రియలు పూర్తి’ అని ఊహించి రాయకండి. దహనం నాడు పంచే స్మారక పుస్తకంలో జీవిత విశేషాలూ సన్నిహితుల మాటలూ ఉంటాయి. తేదీలకు అది బాగా పనికొస్తుంది, అంచనాకు పనికిరాదు. రాసేది అయినవాళ్ళే కదా.

షీట్‌ను పారేయకుండా రెండు తేదీల పేరుతో దాచండి. దహనం రోజు ఒకటి, అక్టోబర్ 6 ఒకటి. థమ్మసాత్‌లో ఏటా ఆ రోజున స్మారక సభ జరుగుతుంది. మరణం నాడు మౌనంగా ఉన్న కుటుంబాలు అప్పుడు మాట్లాడితే, పాత కథనం కిందనే తేదీ వేసి ఆ మాటలు చేర్చండి. తప్పు ఏదైనా సవరించాల్సి వస్తే పాత వాక్యాన్ని చడీచప్పుడు లేకుండా మార్చకుండా, ఏది తప్పో ఏది ఒప్పో కథనం మొదట్లోనే ఒక పంక్తిలో రాయండి.